మెస్ మెనూ కూడా టైమ్‌టేబులే: విజయవాడ, గుంటూరు జూనియర్ కాలేజీ హాస్టళ్ల యాజమాన్యాలకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా, నమస్కారం.

విజయవాడలో ఒక రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీ బాలికల హాస్టల్లో నేను తొమ్మిదేళ్లు వార్డెన్‌గా పనిచేశాను. ఏ కాలేజీ అన్నది రాయడం లేదు. రాస్తే మిగతావాళ్లంతా ‘మా దగ్గర అలా లేదు’ అని ఈ లేఖ మడిచి పక్కన పెట్టేస్తారు. మీ దగ్గర నిజంగానే అలా లేకపోతే సంతోషం. ఒక్కసారి మీ మెస్‌లోకి వెళ్లి, పిల్లల పక్కన బల్ల మీద కూర్చుని భోంచేసి వచ్చి ఆ మాట అనండి. ప్రిన్సిపాల్ గారి గదికి వచ్చే క్యారియర్ లెక్కలోకి రాదు.

సాయంత్రం నాలుగున్నర అయితే నాకు ఇప్పటికీ చెవులు నిక్కబొడుచుకుంటాయి. ఆ టైముకే సిక్ రూమ్ ముందు వరస మొదలయ్యేది. తలనొప్పి అని ఒకమ్మాయి, కళ్లు తిరుగుతున్నాయని ఇంకొకమ్మాయి. కొందరు ఏమీ చెప్పకుండా నిలబడేవాళ్లు. గట్టిగా అడిగితే, “ఏడుపొస్తోంది మేడమ్, ఎందుకో తెలీదు” అనేవాళ్లు. ఎందుకో తెలీని ఏడుపేమిటి, స్టడీ అవర్ ఎగ్గొట్టడానికి వేషాలు కాకపోతే అనుకునేదాన్ని మొదట్లో.

రిజిస్టర్ కాకుండా నాకంటూ ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టుకున్నాను. పేరు, టైము, ఇబ్బంది అని మూడు గడులు గీశాను. రెండో ఏడాది నాలుగో గడి కలిపాను: చివరిసారి ఎప్పుడు తిన్నావు, ఏం తిన్నావు. ఆ నాలుగో గడి నిండుతున్నకొద్దీ నాకు సిగ్గేసింది. ‘పొద్దున క్యూ ఎక్కువుంది మేడమ్, టిఫిన్ తినలేదు.’ ‘మధ్యాహ్నం డౌట్స్ క్లాస్ పెట్టారు, మజ్జిగన్నం రెండు ముద్దలు తిని లేచాను.’ ‘కూర బాలేదు, ఆవకాయ వేసుకుని తిన్నాను.’ ‘టీ, రెండు బిస్కెట్లు.’ పేజీలకు పేజీలు ఇవే.

మా పిల్లల రోజు ఇలా నడిచేది. ఐదింటికి లేపేవాళ్లం. ఐదున్నరకి స్టడీ, ఏడున్నరకి టిఫిన్, ఒంటిగంటకి లంచ్, నాలుగున్నరకి టీ బిస్కెట్, ఎనిమిదింటికి భోజనం, పదిన్నర దాకా మళ్లీ స్టడీ. కాగితం మీద చూస్తే తిండికి నాలుగుసార్లు గంట కొట్టినట్టే ఉంటుంది. నాలుగు వందల మందికి రెండే కౌంటర్లు. లంచ్‌కి నలభై నిమిషాలని రాసి ఉన్నా, క్లాసు నుంచి నడిచి రావడం, కంచం కడుక్కోవడం, వరసలో నిలబడటం పోగా నమిలి మింగడానికి పది నిమిషాలు మిగిలేది. వీకెండ్ టెస్టులో తక్కువొచ్చినవాళ్లకి ఆ పది నిమిషాలు కూడా డౌట్స్ క్లాసులో పోయేవి. అంటే మార్కులు తగ్గిన పిల్లే తక్కువ తినేది. తర్వాతి టెస్టులో ఆ పిల్లకి ఎక్కువ రావాలని మళ్లీ మనమే ఆశపడేవాళ్లం.

ఒక సంగతి ఒప్పుకోవాలి. బైపీసీ ఫస్టియర్‌లో పల్నాడు వైపు నుంచి ఒక అమ్మాయి చేరింది. పదో తరగతిలో బాగా వచ్చాయి. మా దగ్గర దసరా నాటికల్లా క్లాసులో నిద్రపోవడం, అడిగితే విసుక్కోవడం, రూమ్మేట్లతో గొడవలు. బద్ధకం అని నేనే అందరి ముందూ అన్నాను. “మీ నాన్న మిర్చి కల్లంలో ఎండన పడి కష్టపడుతుంటే నువ్విక్కడ నిద్రపోతావా” అని కూడా అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను గుచ్చుతుంది. సంక్రాంతి సెలవులకి వెళ్లినప్పుడు వాళ్లమ్మ రక్తపరీక్ష చేయించింది. హిమోగ్లోబిన్ ఏడున్నర. పన్నెండు ఉండాల్సిన చోట ఏడున్నర! డాక్టరు మాత్రలు రాశారు, ఇంట్లోవాళ్లు తిండి చూసుకున్నారు. వేసవి కోచింగ్‌కి వచ్చింది వేరే పిల్ల అనిపించింది. నవ్వేది. నాతో మాత్రం పెద్దగా మాట్లాడేది కాదు, అది ఆ పిల్ల హక్కు.

ఇదేదో ఒక్క పిల్ల కథ అనుకోకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, దేశం మొత్తమ్మీద 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. సరిగ్గా మీ హాస్టళ్లలో ఉండే వయసే. ఒంట్లో ఇనుము తక్కువైతే అలసట వస్తుంది, చదివింది బుర్రకెక్కదు, చీటికీమాటికీ చిరాకొస్తుంది. బయటినుంచి చూసేవాళ్లకి అది పొగరులా, బద్ధకంలా కనిపిస్తుంది. పైగా చాలా మెస్‌లలో తినీ తినగానే టీ ఇస్తారు. టీలోని టానిన్లు అనే వగరు పదార్థాలు ఆకుకూరల్లో, పప్పుల్లో ఉన్న ఇనుముని ఒంటికి సరిగా పట్టనివ్వవు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో, భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీ వద్దని చెప్పింది. అదే భోజనంలో ఒక నిమ్మచెక్కో, జామకాయ ముక్కో, ఉసిరికాయో ఉంటే ఇనుము బాగా ఒంటపడుతుంది. దీనికి కావలసిందల్లా తిండి అయ్యాక ఒక గంట ఆగి టీ డ్రమ్ము పెట్టడం.

శాకాహారం తినే పిల్లల సంగతి ఇంకొకటి. బీ12 అనే విటమిన్ మొక్కల్లో దొరకదు. పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసం నుంచే రావాలి. అది తగ్గితే నరాలు దెబ్బతింటాయి, మతిమరుపు వస్తుంది, మనసు కుంగుతుంది. గుడ్డు తినని పిల్లకి హాస్టల్లో దిక్కు పెరుగొక్కటే. ఆ పెరుగు మన మెస్‌లో ఎలా ఉండేదో మీకు చెప్పాలా? గరిటెతో పోస్తే ధారగా పడేది. దాన్ని పెరుగు అనడానికి వంట మాస్టరే మొహమాటపడి “మజ్జిగ చిక్కగా ఉంది మేడమ్” అనేవాడు.

తిండికీ మనసుకీ లంకె ఉందంటే, బామ్మ చెప్పే మాటగా కొట్టిపారేసేవాళ్లున్నారు. మీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే సార్లకి రుజువులు కావాలి కాబట్టి రెండు చెబుతాను. ఆస్ట్రేలియాలో డీకిన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫెలిస్ జాకా బృందం 2017లో ఒక అధ్యయనం ప్రచురించింది. డిప్రెషన్‌తో బాధపడుతున్న 67 మంది పెద్దవాళ్లు. వాళ్లలో చాలామంది అప్పటికే మందులో, కౌన్సెలింగో తీసుకుంటున్నారు. సగం మందికి పన్నెండు వారాలపాటు తిండి మార్చుకోవడంలో సాయం చేశారు: కూరగాయలు, పండ్లు, పప్పులు, దంపుడు ధాన్యాలు, గింజలు, చేప, ఆలివ్ నూనె. మిగతా సగం మందితో అంతే సమయం కూర్చుని కబుర్లు చెప్పారు, తోడుగా ఉన్నారు. పన్నెండు వారాల తర్వాత తిండి మార్చుకున్నవాళ్లలో సుమారు మూడోవంతు మంది డిప్రెషన్ నుంచి బయటపడ్డారు. కబుర్ల జట్టులో అలా బయటపడినవాళ్లు 8 శాతం. రెండోది 2019లో వచ్చింది, ఆస్ట్రేలియాలోనే మక్వారీ విశ్వవిద్యాలయంలో జరిగింది. 17 నుంచి 35 ఏళ్లవాళ్లు, తిండి సరిగా లేనివాళ్లు, దిగులు లక్షణాలు ఎక్కువున్నవాళ్లు. మూడంటే మూడు వారాలు తిండి మారిస్తే ఆ లక్షణాలు తగ్గాయి. వాళ్ల తిండిలో దాల్చినచెక్క, పసుపు కూడా ఉన్నాయి. దుగ్గిరాల పసుపు యార్డుకి కూతవేటు దూరంలో ఉన్న మనకి ఇది చదివితే నవ్వొస్తుంది.

ఇవి చిన్న అధ్యయనాలే. పైగా మాత్రనైతే దాచి ఇవ్వొచ్చు గానీ, కంచంలో ఏముందో తినేవాళ్లకి తెలిసిపోతుంది కదా. ఆ తెలియడంవల్లే కొంత మేలు జరిగి ఉండొచ్చు. నేను దాన్ని దాచిపెట్టను. ఇంకో సంగతీ దాచను. యూరప్‌లో వెయ్యిమందికి పైగా మనుషులకి ఏడాదిపాటు విటమిన్లు, ఒమేగా-3 (చేప నూనెలో ఉండే కొవ్వు) కలిపిన మాత్రలు ఇచ్చి చూశారు. ఆ ఫలితాలూ 2019లోనే వచ్చాయి. ఆ మాత్రలు డిప్రెషన్ని ఆపలేకపోయాయి. ఇది ఎందుకు చెబుతున్నానంటే, పరీక్షలకి నెల ముందు ‘జ్ఞాపకశక్తి పొడి’ డబ్బాలు అమ్మడానికి మీ ఆఫీసుకి వచ్చేవాళ్లు నాకు తెలుసు. ఆ డబ్బా డబ్బులు కూరగాయలకి పెట్టండి.

వాట్సాప్‌లో తిరిగే మాట ఒకటుంది, ‘ఆనందాన్నిచ్చే సెరటోనిన్ తొంభై శాతం పొట్టలోనే తయారవుతుంది’ అని. తయారవడం నిజమే. కానీ పొట్టలోది మెదడులోకి పోదు, దాని పని అక్కడే. మెదడు తనకి కావలసింది తనే తయారుచేసుకుంటుంది. అందుకు కావలసిన ముడిసరుకు ట్రిప్టోఫాన్. అది మాంసకృత్తుల నుంచి వస్తుంది. పప్పు, గుడ్డు, పెరుగు, వేరుశనగ, నువ్వులు ఇవన్నీ దానికి దారులే. ఒంటి బరువులో మెదడు రెండు శాతమే గానీ, ఖర్చయ్యే శక్తిలో ఐదోవంతు దానిదే. రోజుకి పన్నెండు గంటలు చదివించే మెదడుకి తెల్లన్నం, నీళ్ల సాంబారు, టీ బిస్కెట్ ఇచ్చి నడపమంటున్నాం. పాలిష్ బియ్యం తొందరగా అరిగి చక్కెరగా మారుతుంది. పక్కన పప్పు, కూర, కాస్త నెయ్యి ఉంటే నెమ్మదిస్తుంది. అవి లేకుండా అన్నం గుట్టగా తిని మూడో పీరియడ్‌లో తూలే పిల్లని ‘కాన్సంట్రేషన్ లేదు’ అంటాం. ఇందాక చెప్పిన మార్గదర్శకాల ప్రకారం, రోజులో తినే శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదు. మన మెస్ కంచంలో అన్నం తీసేస్తే ఏం మిగులుతుందో చూసుకోండి.

ఆరో ఏడాది, దసరా సెలవుల తర్వాత, మెస్ ఇన్‌ఛార్జిని బతిమాలి ఒక మార్పు చేయించాను. సాయంత్రం బిస్కెట్ తీసేసి గుగ్గిళ్లు. ఒకరోజు శనగలు, ఒకరోజు అలసందలు, ఒకరోజు ఉడకబెట్టిన వేరుశనక్కాయలు. టీ బదులు మజ్జిగ. మొదటి వారం సగం డస్ట్‌బిన్‌లోకి పోయింది. “నేను చెప్పలేదా మేడమ్, ఈ కాలం పిల్లలు తినరు” అన్నాడు వంట మాస్టర్, గెలిచినట్టు. తప్పు పిల్లలది కాదు, ఉప్పు నీళ్లలో ఉడికించి అలాగే పెడితే నేనూ తినను. రెండో వారం ఇంగువ తాలింపు, ఉల్లిపాయ ముక్కలు, కొత్తిమీర, పైన నిమ్మకాయ పిండించాను. మా గుంటూరు పిల్లలు పచ్చిమిర్చి ఇంకాస్త కావాలన్నారు. మూడో వారానికి గిన్నె అడుగున ఏమీ మిగల్లేదు.

ఆ నెలల్లో నా నోట్‌బుక్‌లో సాయంత్రం పేజీలు పలచబడ్డాయి. పూర్తిగా ఆగలేదు. ఇంటి దిగులు, పరీక్ష టెన్షన్ గుగ్గిళ్లకి పోయేవి కాదు. కానీ ఎనిమిదింటి భోజనం ముందు రూముల్లో జరిగే చిల్లర గొడవలు, బకెట్ నాదంటే నాదని జుట్లు పట్టుకునేవి, బాగా తగ్గాయి. అవి చలికాలం నెలలు, ఎండ తగ్గింది కాబట్టి కూడా అయ్యుండొచ్చు. నా నోట్‌బుక్ శాస్త్రం కాదని నాకు తెలుసు.

జూన్‌లో కాంట్రాక్టర్ మారాడు, బిస్కెట్లు తిరిగొచ్చాయి. ఖర్చు అనుకున్నారా? కాదు. లెక్క వేసి చూపించాను, బిస్కెట్ ప్యాకెట్టుకీ గుప్పెడు శనగలకీ పెద్ద తేడా రాలేదు. అసలు కారణం పని. ప్యాకెట్టుకి నానబెట్టేది లేదు, గ్యాస్ లేదు, గంగాళం తోమేది లేదు. అట్టపెట్టె చింపి పంచితే అయిపోయింది. హాస్టల్ తిండి చెడేది డబ్బు చాలకే అని చాలామంది అనుకుంటారు గానీ, నేను చూసినంతలో ఎక్కువసార్లు చెడేది శ్రమ మిగుల్చుకోవడానికే. ఆకుకూర పెట్టరు, ఎందుకంటే ఆకు గిల్లాలి. దుంప కూరే రోజూ, ఎందుకంటే మిషన్లో వేస్తే తొక్క వచ్చేస్తుంది. రైతుబజార్లో తోటకూర, బచ్చలి, గోంగూర కట్టలు కట్టలుగా ఉండే ఊళ్లో, ఆకుకూర ముఖం చూడకుండా రెండేళ్లు ఇంటర్ చదివేస్తున్నారు పిల్లలు. పప్పులో వేసే మునగాకుకి డబ్బు కూడా అక్కర్లేదు, కాలేజీ వెనక చెట్టుంటే.

కోడిగుడ్ల ఉత్పత్తిలో దేశంలో మన రాష్ట్రమే ముందు. చేపల్లోనూ అంతే. కొల్లేరు ఇక్కడికి ఎంత దూరం? సర్కారు బడి పిల్లకి మధ్యాహ్న భోజనంలో గుడ్డు, చిక్కీ, రాగి జావ అందుతున్నాయి. 2025 జనవరిలో ప్రభుత్వ జూనియర్ కాలేజీలకీ మధ్యాహ్న భోజనం మొదలైంది, అదీ మన విజయవాడ పాయకాపురం కాలేజీలోనే. అక్కడ లక్షల ఫీజులు లేవు. లక్షలు కట్టించుకునే మన దగ్గర ఆదివారం ఒక్క గుడ్డు, అదీ పులుసులో సగం ముక్క! తల్లిదండ్రుల్లో ఒకాయన నాతో అన్నాడు, “మేడమ్, మా చిన్నది ఊళ్లో సర్కారు బడి. దానికొచ్చే గుడ్లు పెద్దదానికి రావట్లేదు” అని. నా దగ్గర జవాబు లేదు.

2025 జులైలో సుప్రీంకోర్టు, విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన ఒక అమ్మాయి కేసులో, విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలంది. మీలో కొందరు గది కేటాయించారు, బోర్డు పెట్టారు, మంచిదే. ఆ కౌన్సెలర్‌ని మెస్ కమిటీలో కూడా వేయండి. తన దగ్గరికొచ్చిన పిల్లని మొదట అడగాల్సిన రెండు ప్రశ్నలు: ఎంతసేపు పడుకున్నావు, ఏం తిన్నావు. రాత్రి తొమ్మిదింటికి నిద్ర ఆపుకోవడానికని మనమే ఇచ్చే కాఫీ సంగతి కూడా అప్పుడు బయటికొస్తుంది. తాగిన ఐదు గంటలకి కూడా అందులోని కెఫీన్ సుమారు సగం ఒంట్లోనే ఉంటుంది. పదిన్నరకి పక్క ఎక్కిన పిల్ల రెండింటిదాకా పైకప్పు చూస్తూ పడుకుంటుంది, ఐదింటికి మనం లేపుతాం.

నా మాటని తప్పుగా వాడుకోకండి. చచ్చిపోవాలనిపిస్తోంది అన్న పిల్లకి గుడ్డు పెట్టి పంపమని కాదు. వారాల తరబడి నిద్ర, తిండి, మాట తగ్గిపోయిన పిల్లని డాక్టరుకి చూపించాలి, ఇంట్లోవాళ్లకి అదేరోజు చెప్పాలి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. ఆ నంబరు మెస్ గోడ మీద, కంచాలు కడిగే చోట రాయించండి, అక్కడైతే అందరూ నిలబడతారు. ఆ పిల్ల ఫోన్ చేసుకోవడానికి ఫోన్ కూడా ఉండాలి.

ఇంకొకటి, ఇది పోషకాల లెక్కలో రాదు. ఆదివారం తల్లిదండ్రులు వచ్చినప్పుడు గేటు బయట వేపచెట్ల కింద క్యారియర్లు విప్పేవాళ్లు. వారమంతా ‘ఆకలి లేదు’ అన్న పిల్ల అమ్మ చేతి ముద్దలు ఎన్ని తినేదో! అది పులిహోర కావొచ్చు, చికెన్ కావొచ్చు, ఉలవచారు పోసిన అన్నం కావొచ్చు. పక్కన కూర్చుని ‘ఇంకో ముద్ద తిను’ అనే మనిషి ఉండటం కూడా ఆ తిండిలో భాగమే. మెస్‌లో కనీసం వార్డెన్లయినా పిల్లలతో కూర్చుని తినేలా రూలు పెట్టండి. నిలబడి విజిల్ ఊదే వార్డెన్ని చూస్తే ముద్ద దిగదు. నేనూ ఊదాను కాబట్టి చెబుతున్నాను.

కాబట్టి వచ్చే జూన్‌కి టైమ్‌టేబుల్ వేసేటప్పుడు మెస్ మెనూని అకౌంట్స్ సెక్షన్‌కి వదిలేయకండి. ఫిజిక్స్, కెమిస్ట్రీ వాళ్లతోపాటు మెస్ మాస్టర్‌ని, ఇద్దరు పిల్లల్ని కూడా కూర్చోబెట్టుకోండి. లంచ్‌లో క్లాసులు పెట్టొద్దు, అది ముందు తేల్చండి. రోజూ గుడ్డు, తినని వాళ్లకి చేత్తో తీస్తే నిలిచే గట్టి పెరుగు. వారానికి మూడుసార్లు ఆకుకూర. కాంట్రాక్ట్ కాగితంలో ఇవి రాసి ఉండాలి, నోటిమాట పనికిరాదు.

అన్నీ ఒకేసారి కుదరకపోతే సాయంత్రం గుగ్గిళ్లతో మొదలుపెట్టండి. కొలత నా నోట్‌బుక్‌లో ఉంది: నాలుగు వందల మందికి పదహారు కిలోల శనగలు. చలికాలమైతే రాత్రి నానేయొచ్చు. ఎండాకాలం మాత్రం పొద్దున ఆరింటికి నానేయండి, రాత్రి వేస్తే మన బెజవాడ ఎండకి పులిసిన వాసనొస్తుంది. మూడింటికల్లా పొయ్యి మీద ఉండాలి. తాలింపులో ఇంగువ మర్చిపోవద్దని మాస్టర్‌కి చెప్పండి.

ఇట్లు,
ఒక మాజీ వార్డెన్,
సత్యనారాయణపురం, విజయవాడ.